డేటాబేసు సర్వరు – జ్ఞాపక నిర్వహణము

జ్ఞాపకశక్తి గొప్ప గుణమని యెల్లరు నొప్పుకొందురు. పాఠము మఱచిన బాలుడు బల్లమీద నిలుచుండును. మఱవనివాడు బహుమానము నందుకొనును. కాని సకాలమున మఱచుటయు నొక గుణమే యని చెప్పువారు మిక్కిలి తక్కువ. మనుష్యుల మాట యెట్లున్నను, నేటి లోకవ్యవహారమున కాధారమై రాత్రింబవళ్లు పనిచేయుచున్న యొక సాధనమునకు మాత్రము ఈ రెండవ గుణము ప్రాణమువంటిది. అదియే డేటాబేసు సర్వరు. అది తన జ్ఞాపకస్థానము నెట్లు పంచుకొనునో, దేనిని నిలుపుకొని దేనిని విడుచునో, ఆ విషయమున పొరపాటు జరిగినచో నేమి సంభవించునో యీ వ్యాసమున వివరింప దలచితిమి. ఇందు కొంత మేము గ్రంథములవలన నేర్చినది. కొంత మా తప్పువలన నేర్చినది. ఆ తప్పును గూడ దాచక చెప్పెదము.

పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడు దినమున మన విద్యార్థులు సెల్‌ఫోనులో తమ సంఖ్యను వేసి, రెప్పపాటులో తమ మార్కులను చూచుకొందురు. ఆ మార్కులు ఎక్కడనో యొక కంప్యూటరులో, మన హాజరుపట్టీవలె, అడ్డువరుసలును నిలువుగడులును గల పట్టికలుగా నమర్చబడి యుండును. అట్టి పట్టికల సముదాయమునకు డేటాబేసు అని పేరు. వేలకొలది జనులు ఏకకాలమున వేయు ప్రశ్నలకు ఆ పట్టికలనుండి జవాబు తీసియిచ్చుచు, క్రొత్త సంగతులను వానిలో చేర్చుచు, ఒకరి వ్రాత నొకరు చెఱుపకుండ కాచుచు నుండు ప్రోగ్రామునకు డేటాబేసు సర్వరు అని పేరు. బ్యాంకులోని నిలువ, రైలులోని బెర్తు, ఆసుపత్రిలోని చీటీ, రేషనుకార్డులోని పేర్లు – ఇవి యన్నియు నేడు ఇట్టి సర్వరుల స్వాధీనమందే యున్నవి.

కంప్యూటరులో సంగతులు నిలుచుటకు ముఖ్యముగా రెండు తావులు గలవు. ఒకటి డిస్కు; రెండవది మెమరీ. డిస్కు విశాలమైనది, విద్యుత్తు పోయినను అందలి వ్రాత చెఱిగిపోదు, కాని అది మందగమనము గలది. మెమరీ ఇఱుకైనది, ఖరీదైనది. విద్యుత్తు పోయిన క్షణముననే సర్వమును మఱచిపోవును. కాని మిక్కిలి వేగము గలది. ఈ తారతమ్య మెంతటిదో లెక్కవేసి చూతము. మెమరీనుండి యొక సంగతిని తీయుటకు సుమారు 100 నానోసెకనులు పట్టును. సెకనులో నూఱుకోట్లవ వంతు నానోసెకను. సాలిడ్ స్టేట్ డిస్కునుండి తీయుటకు సుమారు 100 మైక్రోసెకనులు, అనగా వేయిరెట్ల కాలము పట్టును. తిరుగుడు పళ్లెములు గల డిస్కునుండి తీయుటకు సుమారు 10 మిల్లీసెకనులు, అనగా లక్షరెట్ల కాలము పట్టును. గుమాస్తా యొకడు తన మేజామీది కాగితమును ఒక్క సెకనులో నందుకొనునని యనుకొన్నచో, అదే లెక్కను సాలిడ్ స్టేట్ డిస్కుకడకు పోయివచ్చుటకు 16 నిమిషములు దాటును; తిరుగుడు డిస్కుకడకు పోయివచ్చుటకు 27 గంటలు దాటును. కావున కావలసిన కాగితము మేజామీద నున్నదా లేదా యనునదే సర్వరు వేగమునకు మూలము.

డేటాబేసు సర్వరులు పెక్కు గలవు. వానిలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను దానిని దృష్టాంతముగా గైకొందుము. ఏలయన, దానిని నిర్మించినవారు వ్రాసిన ప్రతి పంక్తిని ఎవరైనను ఉచితముగా తెచ్చుకొని చదువవచ్చును. 1970లో ఐ.బి.యం. సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ అను విద్వాంసుడు సంగతులను పట్టికలుగా నమర్చు పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతి ననుసరించి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ అను ఆచార్యులు 1970 తరువాతి దశాబ్దమున ఇంగ్రెస్ అను డేటాబేసును నిర్మించిరి. స్టోన్‌బ్రేకర్ మరల 1986లో పోస్ట్‌గ్రెస్ అను క్రొత్తదాని నారంభించెను. అదియే 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను పేరు దాల్చి, నేటికిని నానాదేశముల ప్రోగ్రామర్ల చేతులలో వృద్ధిబొందుచున్నది.

ఈ సర్వరును మన మొక కచేరీగా భావింతము. నడుమ నొక పెద్ద మేజా గలదు. దానిచుట్టును గుమాస్తాలు కూర్చుండిరి. బయటనుండి ప్రశ్న తెచ్చిన ప్రతివానికిని ఒక్కొక్క గుమాస్తా యేర్పడును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో నిజముగనే ప్రతి కనెక్షనుకును ఒక్కొక్క ప్రత్యేక ప్రాసెస్ పుట్టును. వీరందఱికిని పోస్ట్‌మాస్టరు అను పేరుగల పెద్ద గుమాస్తా పైయధికారి. మేజా అందఱికిని ఉమ్మడి. ఇదిగాక ప్రతి గుమాస్తాయొద్దను సొంతముగా నొక పలక గలదు. ఆవరణమున కావల రికార్డుగది గలదు. ఉమ్మడి మేజా, సొంత పలక – ఈ రెండును మెమరీ, రికార్డుగది డిస్కు. ఈ మూటిని మనస్సున నుంచుకొన్నచో మిగిలిన దంతయు సులభముగా బోధపడును.

మొదట మేజా సంగతి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తన పట్టికలను డిస్కుమీద 8,192 బైటుల పుటలుగా విభజించి యుంచును. ఇంగ్లీషు అక్షర మొకటి వ్రాయుటకు ఒక్క బైటు చాలును. తెలుగులో యూటీఎఫ్-8 పద్ధతిని ఒక్కొక్క అక్షరచిహ్నమునకు మూడు బైటులు కావలెను. ప్రశ్నకు ఒక్క వరుసయే కావలసియున్నను, సర్వరు ఆ వరుస గల పుటనంతను మేజామీదికి తెచ్చును. మేజా యెంత పెద్దదిగా నుండవలెనో షేర్డ్ బఫర్స్ అను అమరిక నిర్ణయించును. మన మేమియు మార్పనియెడల అది సాధారణముగా 128 మెగాబైటులు. అనగా 16,384 పుటలు పట్టును. రికార్డుగదిలోనో లక్షలకొలది, కోట్లకొలది పుటలుండవచ్చును. మేజా నిండినపిదప క్రొత్తపుట రావలెనన్నచో పాతపుట యొకటి తొలగవలెను. ఏది తొలగవలెను? సర్వరు నేర్వవలసిన మొదటి మఱపు ఇదియే.

అన్నిటికన్న పూర్వము వాడినదానిని తొలగింపుమని యెవరికైనను తోచును. ఈ పద్ధతి సులభమేగాని, పుటను ముట్టినప్పుడెల్ల దానిని జాబితాలో ముందునకు జరుపవలెను. అట్లు జరుపునంతకాలము ఇతరు లాగియుండవలెను. వందలకొలది గుమాస్తాలున్నచోట ఇది పెద్ద యాటంకము. 2003లో ఐ.బి.యం. సంస్థకు చెందిన నిమ్రోద్ మెగిద్దో, ధర్మేంద్ర మోధా అను విద్వాంసులు ఆర్క్ అను సూక్ష్మమైన పద్ధతిని ప్రకటించిరి. ఇటీవల వాడిన పుటల నొక జాబితాగను, తఱచుగా వాడిన పుటల నొక జాబితాగను ఉంచి, పనితీరును బట్టి రెంటికిని తావు సర్దుచుండుట దాని మర్మము. 2005 జనవరిలో వెలువడిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 8.0 ఈ పద్ధతినే గ్రహించెను. కాని దానిపై ఐ.బి.యం. వారు పేటెంటు కోరియుండుటచేత, కొన్ని నెలలకే 8.0.2 ప్రతిలో దానిని తీసివేసి వేఱొక పద్ధతిని పెట్టవలసి వచ్చెను. ఆ సంవత్సరముననే నవంబరులో వెలువడిన 8.1 ప్రతిలో గడియారపు ముల్లు పద్ధతి ప్రవేశించినది. అదియే నేటికిని నిలిచియున్నది.

ఆ పద్ధతి యెట్టిదనగా – మేజామీది పుటలన్నిటిని వలయాకారముగా పేర్చినట్లు భావింపుడు. ఒక్కొక్క పుటకు ఒక్కొక్క అంకె యుండును. పుటను వాడినప్పుడెల్ల అంకె ఒకటి పెరుగును. కాని 5కు మించదు. తావు కావలసినప్పుడు ముల్లు వలయముచుట్టు తిరుగుచు, తాను దాటిన ప్రతి పుటయొక్క అంకెను ఒకటి తగ్గించును. అంకె సున్నయై, ఆ క్షణమున నెవరును చేతబట్టి చదువక యున్న పుట దొరకినచో, అదియే తొలగింపబడును. తఱచుగా పనికివచ్చు పుట ముల్లు కొన్నిమాఱులు తిరిగినను నిలుచును. ఒక్కమాఱు వాడి విడిచిన పుట త్వరలోనే వెడలిపోవును. అంకెకు 5 అను పరిమితి యేల? పరిమితి లేనియెడల, ఒకప్పుడు మిక్కిలి గౌరవింపబడి నేడు అక్కఱలేని పుట పూర్వవైభవముచేతనే మేజాను ఆక్రమించి యుండిపోవును గదా!

ఇంకొక చిక్కు గలదు. ఒకడు వచ్చి, “పట్టికలోని వరుసలన్నిటిని మొదటినుండి తుదివఱకు చదివి లెక్కపెట్టుము” అని యడిగె ననుకొందము. ఆ పుటలన్నియు మేజామీదికి వచ్చినచో, ఇతరులకు నిత్యము కావలసిన పుటలన్నియు క్రిందికి నెట్టబడును. ఆ యొక్కని పనికొఱకు నూఱుగురు నష్టపోవుదురు. అందుచేత మేజాలో నాల్గవవంతును మించిన పట్టికను మొదటినుండి తుదివఱకు చదువునప్పుడు సర్వరు ఆ గుమాస్తాకు మేజాయంచున కొద్ది పుటల తావు మాత్రమే యిచ్చును. అతడు వానినే మరల మరల వాడుకొని తన లెక్క ముగించుకొనవలెను.

పుటను చదువుట యొక యెత్తు. దిద్దుట యొక యెత్తు. గుమాస్తా మేజామీది పుటలో నొక అంకెను దిద్దెను. డిస్కులోని ప్రతి ఇంకను పాతదే. ఇట్టి పుటను మలినపుట యందురు. దిద్దిన ప్రతిమాఱును రికార్డుగదికి పరుగెత్తినచో పని సాగదు; పరుగెత్తకుండగా విద్యుత్తు పోయినచో దిద్దుబాటు మిగులదు. దీనికి ఉపాయము మన వర్తకులకు తరతరములుగా తెలిసినదే. అంగడిలో జరిగిన ప్రతి యిచ్చిపుచ్చుకోలును మొదట చిట్టాలో వరుసగా వ్రాసికొని, ఆపై తీఱికగా ఆవర్జాలో ఎవరి పద్దుకింద వారిది ఎక్కింతురు. సర్వరును అట్లే చేయును. దిద్దుబాటును మొదట వాల్ అను చిట్టాలో వ్రాయును. “నీ పని స్థిరమైనది” అని వచ్చినవానికి మాట యిచ్చుటను కమిట్ అందురు. చిట్టాలోని యా వ్రాత డిస్కున చేరినదని రూఢియైన పిమ్మటనే సర్వరు ఆ మాట యిచ్చును. చిట్టా యెప్పుడును చివరనే వ్రాయబడును గావున త్వరగా సాగును. మలినపుటలను మాత్రము తీఱికగా, మన మేమియు మార్పనియెడల అయిదేసి నిమిషముల కొకమాఱు, డిస్కుకు చేర్చుచుండును. చిట్టాలోని వ్రాత డిస్కున చేరకమున్ను తత్సంబంధమైన పుట డిస్కుకు పోరాదనునది దాటరాని నియమము. కావున మేజామీది పుటను మఱచుటకు ముందు చిట్టా వ్రాసియుండవలెను; వ్రాసినపిదప నిర్భయముగా మఱవవచ్చును.

మేజా నెంత పెద్దదిగా చేసిన నంత మేలుగదా యని కొందఱు తలంతురు. అది నిజము కాదు. ఆపరేటింగ్ సిస్టము, అనగా కంప్యూటరున కంతకును యజమానియైన ప్రోగ్రాము, తానును డిస్కుపుటలను మెమరీలో కొన్నింటిని నిలువ చేసికొనును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఆ నిలువమీద గూడ నాధారపడును. ఒకే పుట యజమానియొద్ద నొకటి, సర్వరుయొద్ద నొకటి, రెండుప్రతులుగా నుండుట గలదు. కావున సర్వరుకొఱకే ప్రత్యేకించిన కంప్యూటరులో మొత్తము మెమరీలో నాల్గవవంతును మేజాకిచ్చి మొదలుపెట్టుడని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ నిర్వాహకులు సలహా చెప్పుదురు. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ తన మేజాను తానే చూచుకొనవలెనను పక్షము కలది. అందు నూటికి ఎనుబది వంతులవఱకు ఇచ్చుటయు గలదు. ఏ పుట తరువాత ఏ పుట కావలసివచ్చునో డేటాబేసుకు తెలిసినట్లు ఆపరేటింగ్ సిస్టమునకు తెలియదని స్టోన్‌బ్రేకర్ 1981లోనే యొక ప్రసిద్ధవ్యాసమున వాదించియుండెను. ఆ వాదము నేటికిని ముగియలేదు.

ఇక పలక సంగతి. గుమాస్తా వరుసలను పోల్చునప్పుడు, కూడునప్పుడు, అక్షరక్రమమున నమర్చునప్పుడు నడిమి లెక్కలు వ్రాసికొనుటకు సొంతస్థలము కావలెను. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సీ భాషలో వ్రాయబడినది. ఆ భాషలో మెమరీ కావలసినప్పుడు మాలాక్ అను పిలుపుతో అడిగి తీసికొని, పని ముగిసినంతనే ఫ్రీ అను పిలుపుతో తిరిగి యొప్పగింపవలెను. ఒప్పగించుట మఱచినయెడల ఆ తావు ఎవరికిని పనికిరాక పడియుండును. దీనిని మెమరీ లీకు అందురు. చిల్లికుండలో నీరు బయటికి పోవును; ఈ లీకులో తావు లోపలనే యుండి నిరుపయోగమగును. వరుసకు 100 బైటులు మాత్రమే మఱచినను, 10 లక్షల వరుసలు నడచునప్పటికి 10 కోట్ల బైటులు, అనగా సుమారు 95 మెగాబైటులు వ్యర్థమగును. ఒక్కసారి నడచి ముగియు చిన్న ప్రోగ్రామున కిది దోషము గాదు. నెలలకొలది ఆగక నడచు సర్వరుకు ఇది మెల్లగా చంపు రోగము.

లక్షలకొలది పంక్తులు గల ప్రోగ్రాములో ప్రతి చిన్న తావును జ్ఞాపకముంచుకొని యొప్పగించుట మానవసాధ్యమా? కాదని గ్రహించి, దాని నిర్మాతలు వేఱొక మార్గము త్రొక్కిరి. తావులను ఒక్కొక్కటిగా గాక, పనులవారీగా గుంపులు చేసిరి. ఈ గుంపునకు మెమరీ కాంటెక్స్టు అని పేరు. మన బాలురు లెక్క ముగిసినపిదప పలకమీది అంకెల నొక్కొక్కదానిని వేలితో చెఱుపుదురా? తడిగుడ్డతో పలక నంతటిని ఒక్కమాఱు తుడిచివేయుదురు. ఇదియు నట్లే. గుమాస్తా జీవించునంతకాలము నిలువవలసిన సంగతులకు ఒక పలక; ఒక వ్యవహారము ముగియువఱకు నిలువవలసినవానికి దానిక్రింద నొక పలక; ఒక ప్రశ్నకు మఱియొకటి; ఒక్కొక్క వరుసను పరిశీలించుటకు మిక్కిలి చిన్నది యింకొకటి. వరుస ముగిసినతోడనే చిన్నపలక తుడువబడును. ప్రశ్న ముగిసినతోడనే దాని పలకయు, దానిక్రింది పలకలన్నియు తుడువబడును. వ్రాసినవాడు ఎక్కడనో యొప్పగించుట మఱచినను, ఆ తప్పు ఆ పలకతోడనే సమసిపోవును. 2001లో వెలువడిన 7.1 ప్రతిలో, లీకులను తగ్గించు నుద్దేశముతో ఈ యేర్పాటు సంస్కరింపబడెను.

దీనివలన నింకొక మేలు గలదు. లెక్క నడుమ నొక దోషము తటస్థించె ననుకొందము. సున్నచే భాగించుమని యెవరో యడిగిరి. అప్పుడు గుమాస్తా చేయుచున్న పని యెక్కడిదక్కడ విడిచి ఆరంభస్థానమునకు దుముకును. దారిలో నొప్పగింపవలసిన తావు లెన్నియో మిగిలిపోవును. ఐనను వ్యవహారము రద్దగునప్పుడు దాని పలకయంతయు తుడువబడును గావున ఏమియు మిగులదు. తప్పు జరుగదని నమ్మక, తప్పు జరిగినను చెఱుపు కలుగకుండ నేర్పాటు చేయుటయే ఇందలి వివేకము.

ఈ పలకలలో నొకదాని పరిమాణము మాత్రము నిర్వాహకుని చేతిలో నుండును. వరుసలను క్రమమున నమర్చుటకు గుమాస్తా యెంత మెమరీ వాడవచ్చునో వర్క్ మెమ్ అను అమరిక నిర్ణయించును. మొదట నది 4 మెగాబైటులు. అంతకు మించి కావలసినచో గుమాస్తా కొంత కొంత అమర్చి, తాత్కాలికముగా డిస్కుమీద పెట్టి, తుదకు అన్నిటిని కలుపుకొనును. పని తప్పదుగాని ఆలస్యమగును. ఇచ్చట జ్ఞాపకముంచుకొనవలసిన దేమనగా, ఈ కొలత సర్వరు మొత్తమునకు గాదు, గుమాస్తాకును గాదు, ఒక్కొక్క అమర్పునకు. ఒకే ప్రశ్నలో రెండుమూడు అమర్పు లుండవచ్చును. మేము తప్పుచేసిన దిచ్చటనే.

కొన్ని సంవత్సరముల క్రిందట, ఒక కార్యాలయమున రుసుములు వసూలుచేయు సర్వరు మా పర్యవేక్షణలో నుండెను. దాని మెమరీ 16 గీగాబైటులు. అందు 4 మేజాకిచ్చితిమి. నెలసరి నివేదిక యొకటి చాల ఆలస్యముగా వచ్చుచున్నదని అధికారి యసంతృప్తి చెందెను. కారణము వెదకి, వర్క్ మెమ్‌ను 4 మెగాబైటులనుండి 256కు పెంచితిమి. అదియును ఆ నివేదికకు మాత్రమే గాక, అందఱికిని. నివేదిక క్షణములలో వచ్చెను. మెప్పు పొంది, ఆ సాయంకాలము సంతోషముగా ఇల్లు చేరితిమి.

తరువాతి సోమవారము రుసుము చెల్లించుటకు కడపటి దినము. నూఱుగురు గుమాస్తాలు ఏకకాలమున పనికి కూర్చుండిరి. ఒక్కొక్కరి తెరవెనుక నడచు ప్రశ్నలో రెండేసి అమర్పులు. నూఱును రెండుచే హెచ్చించి, 256చే హెచ్చింపుడు: 51,200 మెగాబైటులు, అనగా 50 గీగాబైటులు. మిగిలియున్నది 12. అందఱును పూర్తిగా వాడుకొనకపోవచ్చును. నాల్గవవంతు వాడుకొన్నను 12 దాటును. ఈ గుణకారము నాలుగవతరగతి బాలుడైనను చేయగలడు. మేము చేయలేదు.

లినక్సు అను ఆపరేటింగ్ సిస్టమునకు ఒక యలవాటు గలదు. అడిగినవారి కెల్ల మెమరీ యిచ్చెదనని తనయొద్ద నున్నదానికి మించి వాగ్దానము చేయును. అందఱును ఒక్కమాఱు రారను ధైర్యముతో. అందఱును ఒక్కమాఱు వచ్చినప్పుడు ఏదో యొక ప్రాసెస్‌ను ఎన్నుకొని నిర్దాక్షిణ్యముగా చంపివేయును. ఆ యుదయమున మా గుమాస్తాలలో నొకని చంపెను. ఒక్కడు పోయిన తక్కినవారు బ్రదుకుదురుగదా యందురేమో! చచ్చినవాడు ఆ క్షణమున ఉమ్మడి మేజామీద సగము వ్రాసియుండవచ్చును. సగము వ్రాత గల మేజాను నమ్మరాదు. కావున పోస్ట్‌మాస్టరు తక్కిన గుమాస్తాలందఱిని ఆపివేసి, మేజానంతటిని ఖాళీచేసి, చిట్టాను చేతబట్టి మొదటినుండి ప్రారంభించెను. నూఱుతెరలును ఒక్కమాఱు నిలిచిపోయెను.

కిటికీయొద్ద నొక వృద్ధుడు నిలిచియుండెను. అతడు నోట్లు లెక్కించి యిచ్చెను. గుమాస్తా బొత్తాము నొక్కెను. రసీదు రాకముందే తెర యాగిపోయెను. “బాబూ, నా డబ్బు చేరినట్లా, చేరనట్లా?” అని యతడు మెల్లగా నడిగెను. గుమాస్తా మావంక చూచెను. మాయొద్ద జవాబు లేదు. ఆ కొలది నిమిషములు మాకు మిక్కిలి దీర్ఘముగా తోచినవి. సర్వరు చిట్టాను చదివికొని లేచినపిదప వెదకి చూడగా అతని పద్దు కనబడెను. కమిట్ చిట్టాలోనికి చేరినది. ఆ కబురు మాత్రమే తెరకు చేరలేదు. రసీదు తీసి యతని చేతి కిచ్చితిమి. కమిట్ చేరకముందే తెగిపోయిన తక్కిన పనులను గుమాస్తాలు మరల మొదటినుండి టైపు చేయవలసి వచ్చెను. చెల్లినదానిలో నొక్క పైసాయు పోలేదు. కాని ఆ సంరక్షణము మా ప్రజ్ఞవలన గలిగినది గాదు. మఱచుటకు ముందు వ్రాయవలెనను నియమమును ఎన్నడో యేర్పఱచినవారి ప్రజ్ఞవలన గలిగినది.

ఆ దినముననే వర్క్ మెమ్‌ను మరల 4కు తెచ్చితిమి. నెలసరి నివేదికకు మాత్రము, అది నడచునంతసేపు, హెచ్చు తావు దొరకునట్లు ప్రత్యేకముగా నమర్చితిమి. ఒకేమాఱు కూర్చుండు గుమాస్తాల సంఖ్యకు మితి పెట్టితిమి. లినక్సు తనయొద్ద లేనిదానిని వాగ్దానము చేయకుండునట్లు దాని అమరికను మార్చితిమి. ఇప్పుడు మెమరీ చాలనియెడల ఎవనినో చంపుటకు మాఱుగా, అడిగినవానితోనే “లేదు” అని చెప్పును. అప్పుడు ఆ యొక్క ప్రశ్నయే రద్దగును. దాని పలక తుడువబడును. తక్కినవారి పని సాగిపోవును. లేనిదానిని లేదని ముందే చెప్పుట యెంత మేలో యిందువలన తెలియుచున్నది.

విద్యార్థులారా, మీలో కొందఱు రాబోవు దినములలో ప్రోగ్రాములు వ్రాయుదురు. కొందఱు సర్వరులకు కాపరు లగుదురు. మెమరీ నేడు చౌకయైనదని, ఎంతైనను కొనవచ్చునని మీతో చెప్పువా రుందురు. ఎంత కొన్నను దానికి మితి గలదు. అడుగువారు పెరిగినకొలది ఆ మితి దగ్గఱ పడుచునే యుండును. కావున తావు నడుగుటకు ముందు దానిని విడుచు సమయమును నిర్ణయించుకొనుడు. ఒక్కనికి చాలిన కొలతను నూఱుగురిచే హెచ్చించి చూచుకొనుడు. ఒకరికి మాట యిచ్చుటకు ముందు చిట్టాలో వ్రాసికొనుడు. అవకాశము దొరకినప్పుడు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మూలప్రోగ్రామును తెచ్చుకొని, అందు మెమరీ కాంటెక్స్టులను గుఱించి నిర్మాతలు వ్రాసియుంచిన వివరణమును ఓపికతో చదువుడు. అది మొదట కఠినముగా తోచును. పలకను, తడిగుడ్డను తలచుకొన్నచో సుగమ మగును. కిటికీయొద్ద నిలిచిన యా వృద్ధునకు చిట్టా యనిన నేమో, కాంటెక్స్టనిన నేమో తెలియదు, తెలియనక్కఱయు లేదు. అతని డబ్బు చేరినదా లేదా యని యడిగినప్పుడు జవాబు చెప్పవలసిన భారము మాత్రము మనది.